మూడు గీతల కార్డు

నేను లెక్కల పంతులును. ఏ పని షురువు చెయ్యాలన్నా ముందుగాల కాయితం మీద గళ్లు కొట్టి లక్ష్యాలు రాయనిది నాకు కాలు కదలదు. హవేలిఘనపూర్ దిక్కు సర్కారు బడిల ఇన్నేండ్లు పీరియడ్ ప్లాన్లు రాసి రాసి, కూరగాయల చిట్టీల గూడ "ఆశించిన ఫలితం" అని ఒక గడి పెడ్తనని మా ఇంటామె నలుగుర్ల చెప్పి నవ్వుతది. నవ్వనీ. హైదరాబాద్‌ల ఆటగాళ్ల కార్డుల పెద్ద మేళా పడ్తున్నదని తెల్సిన రోజు గూడ నేను చేసిన మొదటి పని అదే. పాత ప్లాన్ బుక్కుల ఒక ఖాళీ పేజీ చూసుకొని, స్కేలు పెట్టి గీతలు కొట్టిన.

కార్డులంటే పేకలు గావు. మా చిన్నప్పుడు బబుల్‌గమ్ము పొట్లాలల్ల క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలొచ్చేటివి. ముందర ఫోటో, వెనక ఆడిన మ్యాచులు, రన్నులు, వికెట్లు. ఇప్పుడు అవే కార్డులను గట్టి ప్లాస్టిక్ డబ్బీలల్ల బిగించి, నాణ్యతకు మార్కులేసి, నగలమ్మినట్టు అమ్ముతున్నరు. నాకాడ ఒక అల్మారా నిండ ఉన్నయి. స్టాఫ్ రూముల తోటి సార్లు ప్లాట్ల ముచ్చట పెట్టుకుంటరు, నేను ఫోన్ల కార్డుల గ్రూపు చూసుకుంట కూసుంట. నా జోలికి ఎవ్వరు రారు, వాళ్ల జోలికి నేను పోను.

అయితే ఈసారి నేను సరదాకు పోతలేను. నాకు ఒక్క కార్డు కావాలె. అది నాది గాదు, మా తమ్మునిది. ముప్పై ఏండ్ల కింద నేను దొంగతనంగ తీసిన కార్డు. దాన్ని తెచ్చి వాని చేతుల పెట్టాలె. అసలు సంగతి గిది.

నాకు పదకొండేండ్లు, వానికి ఎనిమిది. బాపు మెదక్‌ల మిషన్ బడిల పంతులు, అమ్మ ఇంట్ల మిషను కుట్టేది. మా ఇద్దరికి కలిపి ఒకటే బిస్కెట్ల డబ్బా, దాంట్ల రబ్బరేసిన రెండు కట్టలు. కార్డులు కలిసిపోవద్దని, పెండ్లిల పెట్టే స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టిచ్చినట్టు, ఒక్కొక్క కార్డు వెనక పెన్నుతోని గుర్తు పెట్టుకున్నం. నాది సున్న. వానిది మూడు చిన్న గీతలు, వాని రోల్ నంబరు మూడు గదా మరి. కార్డు మీద పెన్ను గీత పడ్తె దాని విలువ మట్టిల కలుస్తదని గప్పుడు మాకేం తెల్సు.

ఆట సులువు. ఇద్దరం ఒక్కొక్క కార్డు తీస్తం, ఒకలు "వికెట్లు" అంటరు, ఎవరి అంకె పెద్దగుంటే రెండు కార్డులు వాళ్లయే. మా తమ్ముని కట్టల ఒక వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ ఉండె. వాడు బంతి వదిలేటప్పుడు తీసిన ఫోటో, గాలిల రెండు కాళ్లు. ఆ బౌలర్ వికెట్లకు నా కట్టల జవాబే లేకుండె. పుసుక్కున ఆ కార్డు తీసిండంటే నా పని ఖతం. చిన్న పోరడు, నాకంటె మూడేండ్లు చిన్న, రోజు నన్ను ఓడగొడ్తుండె. నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు నవ్వొస్తుంది గని గప్పుడైతే నిజంగనే వాడంటే కండ్లమంటగ ఉండె.

ఆ యేడు కోత పండుగ వచ్చింది. మా చర్చిల కోత పండుగంటే పొలమున్నోళ్లు కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు తెస్తరు. పొలం లేనోళ్లు ఇంట్ల చేసినవి, ఇష్టమైనవి తెస్తరు. అన్నీ ముందర పెట్టి ప్రార్థన చేసినంక బయట వాకిట్ల వేలం పాడ్తరు, వచ్చింది చర్చికి పోతది. అమ్మ ముందు రోజే చెప్పింది: "మనకు పొలం లేదు బిడ్డా. మీకున్నదాంట్ల అన్నిటికంటె మంచిది ఏదో అది ఇయ్యిండ్రి. పాతది, పనికిరానిది ఇస్తె ఇచ్చినట్టు గాదు."

నాకు నా కార్డులల్ల ఒక్కటి గూడ చెయ్యి వదల్లే. తెల్లారగట్ల అమ్మ చాయ్ పెడ్తుండంగ డబ్బా తెరిచి, మా తమ్ముని కట్టల నుంచి ఆ బౌలర్‌ను తీసిన. కవర్ల పెట్టి పైన నా పేరు రాసిన. మంచిది ఇయ్యాలన్నది వట్టి సాకు. అది వానికాడ లేకుంటే నేను గెలుస్త, అసలు లెక్క అది.

పాస్టర్ అయ్యగారు కవరు విప్పి చూసి మురిసిపోయిండు. మైకుల నా పేరు చదివి, "ఈ బాబుకు ఆస్తి లేదు, పొలం లేదు. తన ప్రాణమసుంటి బొమ్మను దేవునికి ఇచ్చిండు, చూడుండ్రి" అన్నడు. అందరు నా దిక్కు తిరిగిండ్రు. అమ్మ కండ్లు తుడుచుకున్నది. మా తమ్ముడు నా పక్కనే కూసున్నడు, ఇస్త్రీ అంగీ, తలకు నూనె. అయ్యగారు కార్డు పైకెత్తి పట్టుకున్నప్పుడు దాని వెనక దిక్కు మా వైపు తిరిగి ఉండె. మూడు గీతలు. వాడు కార్డు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. వాడు ఒక్క మాట అంటే అక్కడ నా పరువు పోతుండె. అనలే.

వేలంల ఆ కార్డుకు నవ్వులాటే అయింది గని పాట కాలే. ఆఖరికి ఆడపిల్లల హాస్టల్ మేట్రనమ్మ "పాపం, పిల్లగాడు ఇచ్చిండు" అని ఏదో ఇచ్చి తీస్కున్నది. ఆ తర్వాత మా తమ్ముడు నాతోని కార్డులాడలే. రోజు సాయంత్రం హాస్టల్ దిక్కు పోయేటోడు. ఏందిరా అంటే మేట్రనమ్మ పూలకుండీలకు నీళ్లు పోస్తున్న అనేటోడు. అక్కడ జామచెట్టుండె, కాయలకు పోతుండు తీ అనుకున్న. అంతకంటె ఎక్కువ ఆలోచన చెయ్యలే, చేసే బుద్ధి గూడ లేకుండె.

మేం కొట్లాడుకోలే, మాటలు బంద్ పెట్టుకోలే. పెరిగినం, పెండ్లిండ్లయినయి. వానిది చౌరస్తాకాడ ఫోటో ఫ్రేముల దుకాణం, అద్దాలు కోసుడు, చట్రాలు బిగించుడు. ఆదివారం చర్చి అయినంక నేను పోయి కూసుంట, చాయ్ తాగుతం. ఆ కార్డు ముచ్చట మాత్రం ఇద్దరం ఎత్తలే. మర్చిపోయిండనే అనుకునేటోన్ని. అట్లనుకుంటే నాకు నిమ్మళంగ ఉండేది.

చర్చి మాత్రం మర్వలే. కోత పండుగ దగ్గరికి వస్తే సండే స్కూల్ టీచరమ్మలు పిల్లలకు నా ముచ్చటే చెప్తరు. మనూళ్లనే ఒక సారు ఉన్నడు, చిన్నప్పుడు తనకున్న ఒకే ఒక్క బొమ్మ దేవునికిచ్చిండు అని. చెప్పంగ చెప్పంగ కట్ట మొత్తం పోయి ఒకే ఒక్క బొమ్మ మిగిలింది. పోయిన యేడు మా తమ్ముని బిడ్డ, పదేండ్ల పిల్ల, దుకాణంల నా ముందర నిలబడి అడిగింది: "పెద్దనాయినా, గా కార్డు ఇచ్చింది నువ్వేనట గదా? నీకు బాధ కాలేదా?"

మా తమ్ముడు అద్దం కోస్తుండు. తల ఎత్తలే. అద్దం మీద ములికి నడిచిన సప్పుడు ఒక్కటే వినబడ్తుంది.

"అయింది బిడ్డా, జరంత," అన్న.

ఇంటికి పోయేదాక నన్ను నేను తిట్టుకుంటనే ఉన్న. చిన్నప్పుడు చేసింది పోరతనం అనుకుందాం. నడీడుకొచ్చినోన్ని, పంతులును, ఆ పిల్ల కండ్లల్ల చూసుకుంట మల్లొకసారి అబద్ధమాడితి. గీ బతుకెందుకు అనిపించింది, ఉత్తగ రాస్తలేను, నిజంగనే అనిపించింది. కార్డు వాపసు ఇద్దామని ఆ రోజే అనుకున్న. మేళా సంగతి తర్వాత తెల్సింది.

అట్ల రాసిన ప్లాన్ గిది. పాఠ్యాంశం: మేళా. లక్ష్యం ఒకటి: ఆ బౌలర్ కార్డు, అదే యేడుది, మూలలు నలగనిది. రెండు: ఇంకేం కొనొద్దు, ఎంత మంచిది కనబడ్డా సరే. మూడు: ముందుగాల హాలంత చేతులు జేబుల పెట్టుకొని ఒక చుట్టు తిరగాలె, రెండో చుట్టులనే బేరం. ఉపకరణాలు: భూతద్దం, చిన్న టార్చి, ప్లాస్టిక్ తొడుగులు, నీళ్ల సీసా. ఆశించిన ఫలితం: కార్డు తమ్మునికి చేరుట. మూల్యాంకనం కాడ ఏం రాయాల్నో తోచలే, ఖాళీగ వదిలిపెట్టిన.

మా ఇంటామె చాయ్ ఇచ్చుకుంట పేజీ చదివింది. ఆమెకు ముచ్చటంత తెల్వదు, తమ్మునికి ఏదో పాత కార్డు తెస్తున్ననని తెల్సు. "అంత పెద్దమనిషికి కార్డిచ్చి ఏమంటరు?" అన్నది.

"ఏమనుడేంది, ఇస్త. అంతే."

"అన్నీ రాసిండ్రు, అది రాయలేదు మరి," అని కప్పు తీస్కొని లోపలికి పోయింది. ఆమె మాట నాకు చెవికెక్కలే.

పొద్దుగాల మొదటి బస్సెక్కిన. నర్సాపూర్ అడవి దాటంగ కోతులు రోడ్డు మీద కూసోనుండె, డ్రైవర్ హారన్ కొట్టుకుంట మెల్లగ పోనిచ్చిండు. జేబుల ప్లాన్ కాయితం రెండుసార్లు తీసి చదువుకున్న. పరీక్ష రాయపోయే పోరని లెక్కనే ఉండె నా వాలకం.

హాలు పెద్దది. నేననుకున్నదానికంటె శానా పెద్దది. ఒక దిక్కు ఫుట్‌బాల్, ఒక దిక్కు బాస్కెట్‌బాల్, ఎక్కడెక్కడి దేశాల కార్డులో. నడిమిట్ల ఒక పిలగాడు సీలు డబ్బా కోసి కార్డులు ఒక్కొక్కటి ఫోన్ కెమెరాకు చూపిస్తుంటే చుట్టూరున్నోళ్లు వికెట్ పడ్డట్టు ఒర్రుతుండ్రు. నేను చేతులు జేబుల పెట్టుకొని నడిచిన. నేను చిన్నప్పుడు పోగొట్టుకున్న ఓపెనర్ కనబడ్డడు, ఆగలే. ఒక ప్రపంచకప్పు జట్టు మొత్తం, రబ్బరు బ్యాండు అచ్చులు గూడ లేకుండ, కడిగిన ముత్యమసుంటిది ఒక అద్దం కింద ఉండె. ఆగిన, గని జేబులకెళ్లి చెయ్యి తియ్యలే. రెండో లక్ష్యం నిలబెట్టుకున్న. ఆ విషయంల నన్ను ఎవ్వరు వేలెత్తి చూపలేరు.

రెండో చుట్టుల ఒక మూలకు దొరికింది. ఒక పెద్దాయన, రైల్వేల రిటైరయినోడంట, చెప్పుల డబ్బాలల్ల పాత గమ్ము కార్డులు వరసగ పెట్టుకొని కూసున్నడు. ఆ బౌలర్ పేరు చెప్పంగనే వేళ్లతోని టకటక దొర్లించి, ఒకటి బయటికి తీసిండు. గాలిల రెండు కాళ్లు. భూతద్దం పెట్టి మూలలు చూసిన, టార్చి కొట్టి మెరుపు చూసిన. వెనక తెల్లగ, ఒక్క గీత లేదు.

"శానా మందికి వెనక గీతలుంటేనే నచ్చదు. మీరేంది సార్, గీత లేదని మొఖం గట్ల పెట్టిండ్రు?" అన్నడు పెద్దాయన.

అప్పుడు ఏమయిందో ఏమో, ఆయన ముందర కుర్చీల కూసోని మొత్తం చెప్పేసిన. డబ్బా, కవరు, అయ్యగారి మైకు, మూడు గీతలు, పోయిన యేడు పిల్లకు ఆడిన అబద్ధం. రెండు నిమిషాలల్ల అయిపోయింది. ముప్పై ఏండ్లు తమ్ముని ముందర రాని మాట, పేరు తెల్వని మనిషి ముందర నీళ్ల లెక్క వచ్చింది. ఆయన సాంతం విని, "జర భద్రంగ తీస్కపోండ్రి, మడత పడ్తది," అని కార్డు తొడుగుల పెట్టి ఇచ్చిండు. నాకు మనసు తేలికయింది. సగం పని అయినట్టే అనిపించింది.

తిరుగు బస్సుల కిటికీకాడ సీటు దొరికింది. కార్డు తీసి చూసుకుంట కూసున్న. తెల్లటి వెనక దిక్కు చూస్తుంటే నాకొక ఆలోచన వచ్చింది. ఇది కొన్నది అని ఇస్తె ఎందుకు తెచ్చినవంటడు, మొత్తం చెప్పాలె. అదే కార్డు దొరికిందంటే? "నీదే రా, తిరిగి తిరిగి మేళాకొచ్చింది, గీతలు చూసి గుర్తు పట్టిన" అంటే ఇక చెప్పేదేముంటది? వాడు సంబరపడ్తడు, నేను బయటపడ్త. నర్సాపూర్ స్టాండుల బస్సు ఆగింది, జనం దిగి చాయ్‌లు తాగుతుండ్రు. బస్సు కదలకుంట ఉన్నప్పుడే రాయాలె, చెయ్యి వణకొద్దు. జేబుల నీలం పెన్ను తీసి, కింద కుడి మూలకు మూడు గీతలు కొట్టిన. మచ్చ లేని కార్డును నా చేత్తోని నేనే ఖరాబు చేసిన, సిగ్గు లేకుంట. సిరా మరీ కొత్తగ కనబడ్తుందని వేలుతోని జర రుద్దిన గూడ.

మెదక్‌ల దిగి సీదా దుకాణంకే పోయిన. ఇంక ఎండ పోలే. మా తమ్ముడు ఎవరిదో పెండ్లి ఫోటోకు చట్రం బిగిస్తుండు. "అన్నా, రా కూసో," అని స్టూలు జరిపిండు. నేను కూసోలే. కార్డు తీసి కౌంటర్ మీద పెట్టిన.

"చూడు, ఏందో. మేళాల దొరికింది. నీదే రా! ఎన్ని చేతులు మారి వచ్చిందో, వెనక తిప్పి చూడు, నీ గీతలే."

వాడు చేతులు తుడుచుకున్నడు. కార్డు తీసి ముందర చూసిండు, తిప్పి వెనక చూసిండు. శానసేపు చూసిండు. మల్ల కౌంటర్ కింద, మొలలు, ములుకులు ఉండే సొరుగు గుంజిండు. దాని అడుగుకెళ్లి అరచెయ్యంత అద్దం తీసిండు. రెండు అద్దం ముక్కలు కార్డు కొలతకు కోసి, అంచులకు నల్ల టేపు చుట్టి ఉన్నయి. నడుమ గాలిల రెండు కాళ్లు. తిప్పి నా కార్డు పక్కన పెట్టిండు. వెలిసిపోయిన మూడు గీతలు, ఎనిమిదేండ్ల చెయ్యి కొట్టినయి, ఒకటి వంకర. వాటి పక్కన నావి, స్కేలు పెట్టినట్టు.

"రెండు నావేనా, అన్నా?" అన్నడు.

నాకు తల తీసేసినట్టయింది. ఎప్పుడు తెచ్చుకున్నవురా అని నేను అడగకముందే వాడే చెప్పిండు.

"మేట్రనమ్మ ఇచ్చింది. రోజు కుండీలకు నీళ్లు పొయ్యి, క్రిస్మస్‌కు ఇస్త అన్నది. ఇచ్చింది."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు చెప్తవనుకున్న," అన్నడు. కోపం లేదు ఆ మాటల. గిరాకితోని మాట్లాడినట్టే మాట్లాడిండు. "ఇంటికొచ్చినంక చెప్తవనుకున్న, మల్లా యేడు చెప్తవనుకున్న. అమ్మ పోయిన రోజు చెప్తవనుకున్న. పోయిన యేడు పిల్ల అడిగినప్పుడైతే పక్కా అనుకున్న."

స్టూలు మీద కూలబడ్డ. జేబుల ప్లాన్ కాయితం కరకరమన్నది. అన్నీ రాసిన, మా ఇంటామె అడిగిన ఆ 'ఏమంటరు' తప్ప. కార్డు వానికాడ ఎప్పుడో ఉండె. వానికి కావాల్సింది కార్డు గాదు.

"నేనే తీసిన రా," అన్న. "నువ్వు రోజు గెలుస్తున్నవని తీసిన. దేవుడు లేడు, గీవుడు లేడు అప్పుడు నా మనసుల. నువ్వు గెలవొద్దు, అంతే. ఇందాక బస్సుల ఈ గీతలు గూడ నేనే కొట్టిన."

"గీతలు తెల్సు," అన్నడు. మొఖం అవతలికి తిప్పుకొని అద్దం పొడి ఊదుకుంట నిలబడ్డడు. వాని భుజాలు జరంత కిందికి దిగినయి.

అప్పుడే పిల్ల ట్యూషన్ నుంచి వచ్చింది. సంచి కింద పడేసి, కౌంటర్ మీద రెండు కార్డులు చూసి ఎగిరి గంతేసింది. "పెద్దనాయినా! గిదేనా నువ్వు చర్చిల ఇచ్చింది? రెండున్నయేంది?"

మా తమ్ముడు నా దిక్కు చూసిండు. మైకుల పేరు చదివిన రోజు చూసినట్టే.

"ఆ అద్దంల ఉన్నదే బిడ్డా ఆ కార్డు," అన్న. "అది నాది గాదు. మీ నాయినది. నేను చెప్పకుండ తీసి, నా పేరు రాసి ఇచ్చిన. మీ టీచరమ్మకు గూడ నేనే చెప్త, వచ్చే ఆదివారం."

పిల్ల వాళ్ల నాయిన మొఖం చూసింది, మల్ల నా మొఖం చూసింది.

"మరి నువ్వేం ఇచ్చినవ్, పెద్దనాయినా?"

"నేనేం ఇయ్యలే బిడ్డా," అన్న.